పదిమంది నడిచే బాట

బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఓ పావుగంట నిలబడి చూడండి. చెన్నై నుంచి కోల్‌కతా పోయే రహదారీ, బందరు నుంచి హైదరాబాదు పోయే రహదారీ కలిసేది అక్కడే. లారీ ఏ ఆసామిదైనా సరే, బాట మాత్రం అందరిదీ!

'వెబ్' కూడా అటువంటి బాటే. 1989లో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బర్నర్స్-లీ దాన్ని తలపెట్టాడు. ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని 1993 ఏప్రిల్ 30న సెర్న్ ప్రకటించింది. హెచ్.టి.ఎం.ఎల్. గోడలూ వాసాలూ అయితే, సి.ఎస్.ఎస్. సున్నమూ రంగులూను. ఇక జావాస్క్రిప్టు ఆ ఇంట్లో పనిచేసే మనిషి.

బాట సరే, దానిమీద తెలుగు బండి నడిచిందా? మొదట్లో తంటాలే. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. అది లేని యంత్రంలో మన అక్షరాలు పిచ్చిగీతలయ్యేవి. 1991లో వచ్చిన యూనికోడు తెలుగుకు 128 గళ్ళు కేటాయించింది. అందులో 'క' సంఖ్య ఎక్కడైనా 3093.

మరి టైపు చేయడమో? జావాస్క్రిప్టుతో అల్లిన 'లేఖిని' పేజీలో ఇంగ్లీషు మీటలతో ఎ, ఎం, ఎం, ఎ అని కొడితే 'అమ్మ' ప్రత్యక్షం! 2003లో మొదలైన తెలుగు వికీపీడియా దశాబ్ది పండుగ 2014 ఫిబ్రవరిలో జరిగింది కూడా బెజవాడలోనే.

ఫోనులో అంగడి పెట్టిన కంపెనీ, ఇష్టం లేకపోతే మన సరుకును గుమ్మం దగ్గరే ఆపగలదు. వెబ్‌లో ఆ గుమ్మం లేదు. కానూరు కాలేజీ కుర్రవాడు ఈవేళ చేసిన పనిముట్టు ఈవేళే అమెరికాలోని మేనమామ చూడవచ్చు. అందరి బాటను అందరూ నడిచి కాపాడుకోవాలి. నడవని బాటలో ముళ్ళు మొలుస్తాయి గదా!