కంప్యూటర్ మొరాయిస్తోందా... ముందు నాడి పట్టి చూడండి!

‘‘మదర్‌బోర్డు పోయిందమ్మా! మార్చాలంటే తొమ్మిది వేలవుతుంది. దానికన్నా కొత్త కంప్యూటర్ కొనుక్కోవడమే నయం’’ అనేసి, కేబినెట్ మూత బిగించి వెళ్లిపోయాడు సర్వీసు కుర్రాడు. అంతకు నెల ముందే ఇంకో షాపువాళ్లు ‘వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టాలి’ అని అయిదు వందలు పట్టుకెళ్లారు. ఫార్మాట్ కొట్టాక నాలుగు రోజులు బుద్ధిగా నడిచింది. అయిదో రోజు మళ్లీ మామూలే. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, తెర మీద బొమ్మ ఉన్నది ఉన్నట్టు నిలబడిపోతుంది.

ఇది 2023 మే నెల సంగతి. గుంటూరులో మా ఇంటి ముందు గదిలోనే డీటీపీ పని చేస్తుంటాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరైనా కవిగారి పుస్తకం. పిల్లల కాలేజీ ఫీజులు ఈ పని మీద వచ్చే డబ్బుతోనే గడుస్తున్నాయి. పెళ్లిళ్ల రోజులు. ప్రెస్సువాళ్లు గుమ్మంలో కూర్చుని ‘అయిందామ్మా?’ అంటుంటే, ఇక్కడ కంప్యూటరేమో సగం ముహూర్తం దగ్గర కొయ్యబారిపోతోంది. కొత్తది కొనాలంటే తక్కువలో తక్కువ ముప్ఫయ్ వేలు. మావారు ‘నీ ఇష్టం’ అన్నారు. అంటే ‘డబ్బుల్లేవు’ అని అర్థం. అది మీకు విడమరిచి చెప్పాలా?

అప్పుడు తీశాను ఒక పాత నోటుపుస్తకం.

పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరుగారు ఏమడుగుతారు? ఎప్పుడొస్తోంది, ఎంతసేపు ఉంటోంది, పొద్దున్నా సాయంత్రమా, ఏం తిన్నాడు అని. ఇదీ అంతే. ఆగిపోయినప్పుడల్లా నాలుగు ముక్కలు రాసుకున్నాను. టైమెంత, కంప్యూటర్ వేసి ఎంతసేపయింది, తెర మీద ఏం పని నడుస్తోంది, ఆ క్షణంలో ఇంట్లో ఇంకేం జరుగుతోంది. చివరిదే ముఖ్యమని అప్పటికి నాకూ తెలీదు.

పది రోజుల్లో పదిహేడుసార్లు ఆగింది. అందులో పదకొండు మధ్యాహ్నం పన్నెండుకీ నాలుగుకీ మధ్య, వేసిన అరగంట తర్వాత. బొమ్మ బిగుసుకుపోవడం తప్ప ఇంకేమీ లేదు. మిగతా ఆరూ వేరే రకం. బిగుసుకోవడం కాదు, టప్పున ఆరిపోయి తనంతట తనే మళ్లీ లేస్తోంది. ఆ ఆరూ పొద్దున్న ఆరింటికో, సాయంత్రం ఆరున్నరకో. అవి మా ఇంట్లో నీళ్ల మోటారు వేసే వేళలు!

అంటే ఉన్నది ఒక రోగం కాదు, రెండు. రెండూ కలిసి రావడంతో చూసిన ఇద్దరూ తికమకపడ్డారు. రెండింటిలో ఏదీ ఫార్మాట్‌తో పోయేది కాదు.

ఎండాకాలం జబ్బు

మొదటిది వేడి. మే నెలలో గుంటూరు గదిలో మనుషులకే ఊపిరాడదు. పైగా ఆ కంప్యూటర్ టేబుల్‌ని ఎవడు చేశాడో గానీ, సీపీయూ పెట్టే చోట నాలుగు వైపులా చెక్క కొట్టి, ముందు తలుపు కూడా బిగించాడు, అదేదో నగల బీరువా అయినట్టు! లోపల ఫ్యాను ఉన్న వేడిగాలినే తిప్పి తిప్పి మళ్లీ పీలుస్తుంది.

ప్రాసెసర్‌కి తన వేడి కొలుచుకునే ఏర్పాటు ఉంటుంది. వేడెక్కుతున్న కొద్దీ వేగం తగ్గించుకుంటుంది. చాలా వాటిలో నూరు డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు వెళితే కాలిపోకుండా తనంతట తనే ఆరిపోతుంది. ఈలోపు చుట్టుపక్కల భాగాలు ఆ వేడికి తట్టుకోలేక మొరాయిస్తాయి. నెమ్మదించడం, బిగుసుకోవడం, ఆరిపోవడం... ఈ వరసలో జరుగుతుంటే ముందు వేడిని అనుమానించండి.

దీనికి పరీక్ష తేలిక. కేబినెట్‌ని బయటికి లాగి, పక్క మూత తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి ఒక మధ్యాహ్నం పని చేసుకోండి. ఆగడం తగ్గిందా? జబ్బు దొరికినట్టే. నేను అలాగే చేశాను. మూడు గంటలు ఏకబిగిన నడిచింది.

తర్వాత శుభ్రం చేయడం. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. చేత్తో కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి అప్పుడు మొదలుపెట్టండి. ఒంటి మీదుండే స్థిర విద్యుత్తు చిప్‌లకు పడదు. రంగులు వేసే మెత్తటి బ్రష్షు, కొత్తది, చాలు. తడిగుడ్డ వద్దు. వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, దాని గొట్టం దగ్గరా స్థిర విద్యుత్తు పుడుతుంది. ఫ్యాను రెక్కని ఒక వేలితో పట్టుకుని దులపండి, ఊరికే గిరగిరా తిరగనివ్వకండి. ఫ్యాను కింద అల్యూమినియం రేకుల మధ్య మా ఇంట్లో దుప్పటిలా పేరుకున్న దుమ్ము చూసి మా అత్తయ్యగారు ‘ఇంత దూది ఉంటే ఏడాదికి సరిపడా వత్తులు చేసేదాన్నే’ అన్నారు.

ఒక్క హెచ్చరిక. కరెంటు తీగ వచ్చి కలిసే ఎస్ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకినా అందులో కొంతసేపు కరెంటు నిలవుంటుంది. షాకు కొడుతుంది.

మూత ఎలాగూ తీశారు గనక ర్యామ్ కూడా చూడండి. మదర్‌బోర్డు మీద నిలువుగా గుచ్చి ఉండే పొడుగాటి పట్టీ అది. రెండు కొసల్లో ఉన్న క్లిప్పులు నొక్కితే పైకి లేస్తుంది. అంచున బంగారు రంగు పళ్లుంటాయి. వాటిని పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, ‘టిక్’మనేదాకా మళ్లీ నొక్కాలి. రెండు పట్టీలుంటే రోజుకొకటి చొప్పున పెట్టి నడిపి చూస్తే ఏది దొంగదో బయటపడుతుంది. విండోస్‌లో ‘మెమరీ డయాగ్నొస్టిక్’ అనే పరీక్ష కూడా ఉంది. పూర్తవడానికి టైము పడుతుంది గనక పని లేని వేళ పెట్టుకోండి.

ల్యాప్‌టాప్ అయితే విప్పే పని పెట్టుకోకండి. పరుపు మీద, ఒళ్లో దిండు మీద పెట్టుకుంటే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ఒక చెక్క మీద పెట్టుకోండి చాలు. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు కనిపించిందా? అది బ్యాటరీ వాపు. వెంటనే ఆపేసి, ఛార్జింగ్ పెట్టకుండా షాపుకి పట్టుకెళ్లండి. నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

మోటారు వేస్తే ఎందుకు ఆరిపోయింది?

మోటారు మొదలయ్యే క్షణంలో కరెంటు ఎక్కువ లాగుతుంది. ఒక్క లిప్త వోల్టేజీ పడిపోతుంది. ట్యూబ్‌లైటు చిన్నగా కన్ను కొట్టడం మీరూ చూసే ఉంటారు. అలాంటప్పుడు యూపీఎస్ తన బ్యాటరీలోంచి కరెంటు అందించాలి. ఆ బ్యాటరీయే చచ్చిపోయి ఉంటే? పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు.

దీన్ని కంప్యూటర్ తగిలించి పరీక్షించకండి. యూపీఎస్‌కి ఒక టేబుల్ ల్యాంపు తగిలించి, వెలిగించి, గోడలోంచి యూపీఎస్ ప్లగ్గు పీకండి. దీపం వెలుగుతూ ఉంటే బ్యాటరీ బతికే ఉంది. టక్కున ఆరితే మార్చాల్సిందే. మా ఇంట్లో ఆరింది. సాధారణంగా రెండు మూడేళ్లు వస్తాయవి, మన ఎండలకు ఇంకాస్త ముందే పోతాయి. కొత్త బ్యాటరీకి తొమ్మిది వందలయింది. తొమ్మిది వేలు కాదు!

యూపీఎస్ బాగానే ఉన్నా ఇలా ఆరిపోతుంటే ఎస్ఎంపీఎస్ బలహీనపడి ఉండొచ్చు. ఇంకోటి పెట్టి చూపించమని షాపులో అడగండి. మదర్‌బోర్డు దాకా వెళ్లేముందు చేయాల్సిన పరీక్ష ఇది.

నీలి తెర చూసి హడలిపోకండి

అన్ని జబ్బులూ ఇనుప డబ్బాలోనే ఉండవు. ఒక్క ప్రోగ్రామే ఆగి, మౌస్ బాణం కదులుతూ ఉంటే కంప్యూటర్‌ది తప్పు కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆగినదాన్ని ఎంచి ‘ఎండ్ టాస్క్’ అనండి. బాణం కూడా కదలకపోతే క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల ఇంకా ప్రాణం ఉన్నట్టు, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. అదీ లేకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవడం ఆఖరి మార్గం.

తెరంతా నీలంగా మారి ఇంగ్లీషులో ఏదో రాసిందనుకోండి, ఫోనుతో ఫొటో తీయండి. విండోస్ 11లో 2025 నుంచి ఆ తెర నల్లగా వస్తోంది. అందులో ‘స్టాప్ కోడ్’ అని ఉంటుంది. అది తీర్పు కాదు, ఎటు వెతకాలో చేసే సైగ. ఇంకో సంగతి, విండోస్ కూడా నాలాగే డైరీ రాస్తుంది! స్టార్ట్ పక్కన వెతికే గడిలో ఇంగ్లీషులో ‘రిలయబిలిటీ’ అని కొట్టండి. ఏ రోజు ఏది పడిపోయిందో ఎర్ర ఇంటూ గుర్తులతో కనిపిస్తుంది. గుర్తులు మొదలైన రోజే ఏదైనా కొత్త ప్రోగ్రామో అప్‌డేటో ఎక్కిందేమో చూసి, దాన్ని తీసేయండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. ఒకే వంటింట్లో ఇద్దరు పెత్తనం చేసినట్టే, పని సాగదు.

ఒక్క అప్‌డేట్ ఎంత పని చేస్తుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. మన విమానాశ్రయాల్లో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అన్ని లక్షల మదర్‌బోర్డులూ ఒకేసారి పోయాయా? లేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేస్తే చాలావరకు లేచి కూర్చున్నాయి.

‘విండోస్ 10కి కాలం చెల్లింది, అందుకే ఆగుతోంది’ అని కొందరు షాపువాళ్లు చెబుతుంటారు. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిన మాట నిజమే. బ్యాంకు పనులు చేసేవాళ్లు పట్టించుకోవాల్సిన మాట కూడా. కానీ మధ్యాహ్నం పూట బిగుసుకుపోవడానికి అది కారణం కాదు.

ఇక తెర మీద ‘వైరస్ వచ్చింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అంటూ గోలగోలగా మోగితే అది మైక్రోసాఫ్ట్ కాదు, దొంగ. ఫోన్ చేయొద్దు. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పండి.

‘టిక్ టిక్’ వినిపిస్తే అన్నీ ఆపండి

ఒక్క హార్డ్‌డిస్క్ విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. లోపలినుంచి టిక్ టిక్ శబ్దం, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పట్టడం, నిన్నటిదాకా తెరుచుకున్న ఫొటో ఇవాళ తెరుచుకోకపోవడం... ఇవి కనిపిస్తే ముందు కాపీ, తర్వాతే వైద్యం. పిల్లల చిన్నప్పటి ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి ఎక్కించాకే మిగతా పరీక్షలు. శబ్దం గట్టిగా ఉండి, కాపీ కూడా సాగకపోతే వెంటనే ఆపేయండి. తిప్పిన కొద్దీ మిగిలిందీ పోతుంది. డేటా వెనక్కి తీసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లకివ్వాలి.

షాపుకి పంపేముందు

మనం ఆడవాళ్లం అసలు ఆలోచించాల్సింది ఇక్కడ. కంప్యూటర్ ఇవ్వడమంటే ఇంటి బీరువా తాళంచెవి ఇచ్చినట్టే. మన ఫొటోలు, ఆధార్ కాపీలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు అన్నీ అందులోనే. షాపులో అందరూ చెడ్డవాళ్లని కాదు. అయినా తాళంచెవి ఎందుకు ఇవ్వాలి? మాకు తెలిసినావిడ ‘డిలీట్ చేశాగా’ అని ధీమాగా ఉండేది. డిలీట్ చేసినవి చాలాసార్లు మళ్లీ పైకి తీయొచ్చు.

కరెంటు, ఫ్యాను, మదర్‌బోర్డు అనుమానాలకైతే డిస్కు ఊడదీసి ఇంట్లో ఉంచుకుని మిగతాది పంపండి. డెస్క్‌టాప్‌లో మామూలు హార్డ్‌డిస్కుకి నాలుగు మరలు, రెండు తీగలు, అంతే. కుదరకపోతే పక్కనే కూర్చుని చేయించుకోండి, విసుక్కున్నా సరే. మీ పాస్‌వర్డు కాగితం మీద రాసి తెరకి అంటించి పంపకండి. వాళ్లకోసం వేరే యూజర్ ఖాతా తెరవండి, దానికి అడ్మిన్ అధికారం ఇవ్వకండి. తిరిగొచ్చాక మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి.

కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో డిస్కుకి బిట్‌లాకర్ తాళం దానంతట అదే పడి ఉంటుంది. మదర్‌బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసి, ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు.

షాపుకి వెళ్లేటప్పుడు నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లండి. ‘ఆగిపోతోంది’ అంటే ఫార్మాట్ కొట్టేవాడు, ‘మధ్యాహ్నం వేసిన అరగంటకి ఆగుతోంది, ఫ్యాను పెడితే ఆగట్లేదు’ అంటే ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చాలేమో చూస్తాడు. నాకు పేస్టు రాసింది అలాంటివాడే. ఏదైనా పార్టు మార్చితే పాతది వెనక్కి ఇమ్మని ముందే చెప్పండి. యూపీఎస్ బ్యాటరీ మాత్రం పాతది ఇచ్చేయండి, కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. నాకు వంద తగ్గించారు.