కడుపులో బిడ్డకు నీరు చేరితే బతికే ఆశ ఎంత?

స్కానింగ్‌లో బిడ్డ ఒంట్లో నీరు చేరిందని తేలితే ఇంట్లో ఒకటే భయం: బిడ్డ దక్కుతుందా? చర్మం కింద, పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ... వీటిలో కనీసం రెండు చోట్ల నీరుంటే డాక్టర్లు హైడ్రాప్స్ అంటారు. అసలు జబ్బు వేరే ఉందనడానికి ఇది గుర్తు. కాబట్టి జవాబు కారణాన్ని బట్టే ఉంటుంది.

తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ గ్రూపు కావడం వల్లో, పార్వో వైరస్ వల్లో బిడ్డకు రక్తం తగ్గితే, బొడ్డుతాడు ద్వారా కడుపులోనే రక్తం ఎక్కిస్తారు. ఇలాంటి పిల్లల్లో చాలామంది కోలుకుంటారు. క్రోమోజోమ్ లోపాలున్నా, 24 వారాల లోపే నీరు చేరినా ఆశ తక్కువ. కాన్పు మాత్రం ఎన్ఐసీయూ ఉన్న ఆస్పత్రిలోనే జరగాలి.

నెగటివ్ గ్రూపు తల్లులు 28వ వారంలో ఒకసారి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని తప్పక అడగాలి. గర్భస్రావమైనా మరవొద్దు.