అమ్మదలచిన పాత యిల్లు



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్ర మెవరును చెప్పలేదు. కాని యీ కాలమున నదియు పెద్ద పనియే యగుచున్నది. బిడ్డలు దూరదేశములలో నుద్యోగములు చేయుచుండ, పల్లెలోనో చిన్న పట్టణములోనో నున్న పెంకుటింటిని కనిపెట్టుకొని యుండువారు లేక, దానిని అమ్మవలసిన యవసరము పెక్కు కుటుంబములకు కలుగుచున్నది. ఆ సొమ్ముతోనే వృద్ధురాలగు తల్లికి వైద్యమో, ఆడపిల్లకు చదువో జరుగవలసి యుండును. అట్టి యెడ కొనవచ్చినవారు గుమ్మములో నిలిచి, నల్లబడిన గోడలను చూచి, “ఇది పడగొట్టవలసినదే, స్థలమునకు మాత్రమే వెల కట్టెదము” అనినచో నెంత నష్టము!

ఆ మాట రాకుండ చేయుటకు గొప్ప ధనము అక్కరలేదు. పాత యింటిని క్రొత్తయింటివలె కనబడజేయుట మన పని కాదు. ఇది శ్రద్ధతో కాపాడబడిన యిల్లని చూచువారికి నమ్మకము కలిగించుటయే మన పని.

మొదటి పని కాసు ఖర్చు లేనిది. అటకమీది విరిగిన మంచములు, తుప్పుపట్టిన డబ్బాలు, పాత కాగితముల కట్టలు తీసివేయవలెను. సామాను తగ్గినకొలది గది పెద్దదిగా తోచును. కిటికీల కడ్డమైన బీరువాలను జరిపి, కిటికీ ఱెక్కలను కడిగి, వెలుతురు లోనికి రానీయవలెను. వంటయింటి గోడలమీది పొగమసిని సబ్బునీటితో రుద్ది కడుగవలెను. మసిమీదనే వెల్ల వేసినచో కొలది దినములకే పసుపు మరకలు పైకి తేలును.

రెండవది కప్పు. గోడకు రంగు వేయకముందు నీరెక్కడ కారుచున్నదో చూడవలెను. కారుటను ఆపక వేసిన వెల్ల వ్యర్థమే. మంగుళూరు పెంకులను 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో తయారుచేయ నారంభించిరి. అవి యొకదానితో నొకటి పొదుగుకొను పెంకులగుటచే, పగిలినదానిని మాత్రము తీసి మఱియొకటి పెట్టుటకు వీలుండును. కప్పంతయు విప్పనక్కరలేదు. తొలకరికి ముందే పనివానిచేత నీ మరమ్మతు చేయించి, చూరుక్రింది తూములలోని యాకులను తీయించవలెను.

మూడవది వెల్ల. పాత సున్నపు గోడలకు సున్నమే తగినది. దానికి క్షారగుణ ముండుటచే బూజు త్వరగా పట్టదు. ఒక కిలో సున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు చొప్పున తొట్టిలో పోసి, ఆ నీటిలో సున్నమును కొంచెము కొంచెముగా వేయవలెను. అది కుతకుత నుడుకును గనుక పిల్లలను దరికి రానీయరాదు. కన్నులలో చిందకుండ జాగ్రత్తపడవలెను. 24 గంటలు నాననిచ్చి, ముతక గుడ్డతో వడకట్టి, వేడినీట కరిగించిన బంకను కలిపినచో వెల్ల చేతి కంటదు. చిటికెడు నీలిమందు చేర్చిన తెలుపు కంటికి హాయిగా నుండును. ఒక పూత ఆరిన పిదపనే రెండవది వేయవలెను.

ఇచట నొక హెచ్చరిక. మా బంధువులలో నొక పెద్దమ్మగారు, గోడలు పెచ్చులూడుచున్నవని పాత సున్నపు గోడలపై సిమెంటు పూత పూయించిరి. ఒక వర్షకాలము గడచునప్పటికి లోపలి చెమ్మ బయటికి పోవు దారిలేక, గోడలు ఉప్పుపట్టి పూత బుడగలెత్తినది. పెట్టిన సొమ్ము పోవుటయేకాక, చూడవచ్చినవారికి లేని యనుమానము కలిగినది. పెచ్చులూడిన చోట సున్నపు గచ్చుతోనే మాటువేసినచో చాలియుండెడిది.

తలుపులు, స్తంభములు టేకువైనచో నవియే యింటికి సొమ్ములు. తడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదప పలుచగా నూనె పట్టించినచో చాలును. గొళ్లెములు, బందులు కిఱ్ఱుమనకుండ నూనె వేయవలెను. పాతరంగు పెచ్చులుగా లేచిన తలుపులను మాత్రము పొడిగా గరుకు కాగితముతో రుద్దరాదు. పాత రంగులలో సీసముండవచ్చును. ఆ ధూళి పసిబిడ్డలకును, గర్భిణులకును మిక్కిలి హానికరము. మన దేశమున రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము 2017 నవంబరునుండియే యమలులోనికి వచ్చినది. కావున తడిపి మాత్రమే రుద్ది, ఆ చెత్తను తడిగుడ్డతో తుడిచి పారవేయవలెను.

ఇక ముఖ్యమైన మాట. అలంకారము వేఱు, దాచుట వేఱు. దూలమును చెదలు తినియుండగా దానిపై రంగు పూయుట, గోడ చీలికను పటముతో కప్పుట మోసమగును. సామాన్యముగా చూచిన కనబడని ముఖ్యలోపము తనకు తెలిసియుండి కొనువారికి తెలియనిచో, అమ్మువారు దానిని చెప్పితీరవలెనని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను శాసించుచున్నది. చెదలున్న చోటును మనమే చూపి, బాగుచేయుట కగు ఖర్చును ముందే చెప్పినచో, కొనువారు తక్కిన మాటలనుగూడ నమ్ముదురు. బేరము తెగుటకు నమ్మకమే మూలము.

ఇంటివలెనే కాగితములను సర్దుకొనవలెను. దస్తావేజులు, పన్ను రసీదులు, ఈసీ యొక్కచోట నుంచుడు. ఇల్లు ఉమ్మడి కుటుంబపు టాస్తియైనచో, 2005లో హిందూ వారసత్వ చట్టమునకు జరిగిన సవరణచే కూతుండ్రకును కుమారులతోపాటు జన్మతః సమానమైన హక్కు కలదు. ఆడపడుచులతో ముందుగానే మాటలాడక బేరమునకు దిగుట తగదు.

చూడవచ్చు దినమున వాకిట ముగ్గు పెట్టి, కిటికీలన్నియు తెఱచి, అరుగు కడిగియుంచుడు. మన పెద్దలు బ్రదికిన యింట రేపు మఱియొక కుటుంబము దీపము పెట్టుకొనును. వారికి శుభ్రమైన యింటిని, నిజమైన మాటను అప్పగించినచో మనకు తగిన వెలయు దక్కును, మనస్సునకు తృప్తియు కలుగును.