క్లాక్ తీగ కలిపితే సరిపోదు

"పది మెగాహెర్ట్జ్ క్లాక్ రెండు పెట్టెలకూ ఇచ్చాం సార్, ఇక సింక్ అయినట్టే కదా?" ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) ప్రాజెక్ట్ రివ్యూలకు వెళ్లిన ప్రతిసారీ వినే మాటే ఇది. మొన్నటి బృందం సిగ్నల్ దిశ కనిపెట్టే ప్రయోగం మీద సెమిస్టరంతా ధారపోసింది. రోజుకో కోణం వచ్చింది. యాంటెన్నాలు మార్చారు, కోడ్ తిరగరాశారు, చివరికి కుదిరిన రోజు గ్రాఫ్ ఒక్కటే రిపోర్టులో పెట్టారు. ఆ పిల్లల కష్టాన్ని మింగింది ఈ అపోహే.

క్లాక్ ఇచ్చేది లయ మాత్రమే, ఎత్తుగడ కాదు. సెకనుకు కోటి తరంగాలు వస్తాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. వాటిలో ఏది మొదటిదో పెట్టెకు ఎలా తెలుస్తుంది? అందుకే సెకనుకోసారి వచ్చే పీపీఎస్ పల్స్ కూడా కావాలి. అందులోనూ మెలిక ఉంది. "వచ్చే పల్స్‌కు టైమ్ సున్నా చెయ్" అన్న ఆదేశం మొదటి పెట్టెకు అంది, రెండోదానికి అందేలోగా పల్స్ దాటిపోతే రెండింటికీ సరిగ్గా ఒక సెకను తేడా. ముందు ఒక పల్స్ వచ్చేదాకా ఆగి, అది రాగానే రెండింటికీ ఆదేశం పంపాలి. ఆ తర్వాత రిసీవింగ్, ట్రాన్స్‌మిటింగ్ రెండూ టైమ్‌స్టాంప్‌తోనే మొదలవ్వాలి. యూఎస్‌ఆర్‌పీ రకం ఎస్‌డీఆర్‌తో ప్రసారం చేస్తుంటే తెరమీద 'ఎల్' అక్షరం పడిందా, మీ ప్యాకెట్ ఆలస్యంగా చేరిందని అర్థం. దాన్ని చూసీచూడనట్టు వదిలేయకండి.

ఇంతా చేస్తే శాంపిళ్లు కలుస్తాయి. ఫేజ్ కలవదు. రెండు పెట్టెల్లో లోకల్ ఆసిలేటర్లు వేర్వేరుగా ఉంటే, ట్యూన్ చేసిన ప్రతిసారీ వాటి మధ్య ఫేజ్ తేడా మారిపోవచ్చు. రోజుకో కోణం రావడానికి కారణం అక్కడుంది.

నెట్‌వర్క్ మీదుగా టైమ్ సరిచేసే ఎన్‌టీపీ చాలంటారు కొందరు. అది మిల్లీసెకన్ల లెక్క, ఒక మిల్లీసెకనులో రేడియో తరంగం 300 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. జీపీఎస్ ఉంటే తేడాయే ఉండదన్నదీ తప్పే. జీపీఎస్ ఇచ్చే పీపీఎస్ పల్స్ పదుల నానోసెకన్లు అటూ ఇటూ అవుతుంది, 2.4 గిగాహెర్ట్జ్ తరంగం ఒక్క నానోసెకనులోనే రెండు చుట్లు దాటేస్తుంది.

"తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకుంటాం" అన్నదాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. క్రాకెన్ఎస్‌డీఆర్ చేసేది అదే. అయిదు చవక రిసీవర్లకు ఒకే క్లాక్, ఒకే నాయిస్ సోర్స్ ఇచ్చి, కోరిలేషన్‌తో తేడాలు తీసేస్తుంది. కానీ అక్కడ క్లాక్ ఒక్కటే. విడివిడి క్లాక్‌ల మధ్య 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తేడా ఉన్నా, సెకనుకు పది లక్షల శాంపిళ్ల వేగంలో సెకనుకో శాంపిల్ జారిపోతుంది.

కాబట్టి యాంటెన్నా తగిలించే ముందు ఒక స్ప్లిటర్ తీసుకోండి. ఒకే సిగ్నల్‌ను సమాన పొడవు కేబుళ్లతో రెండు రిసీవర్లకూ ఇవ్వండి, సాధారణ కోయాక్స్‌లో మీటరు తేడా అంటే దాదాపు 5 నానోసెకన్లు. శాంపిళ్ల తేడా, ఫేజ్ తేడా రాసుకోండి. పవర్ తీసి, మళ్లీ పెట్టి, అయిదుసార్లు కొలవండి. ఆ అయిదు జతల అంకెలూ రిపోర్టు మొదటి పేజీలోనే వేయండి.