కల్లుకు పదికి ఎన్ని మార్కులు?

వనపర్తి చుట్టుపక్కల ఊళ్లలో పొద్దున్నే ఈత చెట్ల కిందికి పోతే, ఒకటే లొట్టి మీద మూడు తీర్పులు వినిపిస్తాయి. "తేనె లెక్క ఉందన్నా" అని ఒకరు. "ఏం తేనెరా, నీళ్ల లెక్క ఉంది" అని ఇంకొకరు. మూడో ఆయన రేకలో తేలే చీమను వేలితో తీసేసి, ఒక గుక్క తాగి, "జర పులిసింది. నిన్నటి లొట్టి సరిగ్గ కడగలే" అని తేల్చేస్తాడు. గీసిన గౌడన్న ఎవరికీ జవాబివ్వడు. మోకు సర్దుకుని పక్క చెట్టెక్కుతాడు.

ఈ పంచాయితీ ఇప్పుడు ఫోన్లలోకి కూడా వచ్చింది. చేతిలో లొట్టి, వెనక సూర్యోదయం, "ఫ్రెండ్స్, ఇది హండ్రెడ్ పర్సెంట్ ప్యూర్" అనే డైలాగ్. ఒకరు పదికి తొమ్మిది ఇచ్చిన చోట ఇంకొకరు వారం తర్వాత తాగి "వేస్ట్, పోకండి" అంటారు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్? వైన్ రుచి చూసి మార్కులు వేసేవాళ్లు ఇదే ప్రశ్న మీద దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నారు. "వైన్స్" అని బోర్డు పెట్టి లోపల విస్కీ, బీరు అమ్ముకునే మనకు ఆ గొడవ పెద్దగా తెలియదు గానీ, కల్లు కూడా ఒకరకం వైనే. ద్రాక్ష రసం బదులు చెట్టు రసం, అంతే తేడా.

ముందుగా రివ్యూయర్ల పక్షాన ఒక మాట. ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు. ఎందుకంటే ఇద్దరూ తాగింది ఒకే కల్లు కాదు. చెట్టు నుంచి కారే నీరలో పది శాతం పైచిలుకు చక్కెర ఉంటుంది. లొట్టిలో పడ్డ క్షణం నుంచే ఈస్టు, బ్యాక్టీరియా పని మొదలుపెడతాయి. కొన్ని గంటల్లోనే ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతుంది. అట్లనే వదిలేస్తే మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే ఇదంతా నెమ్మదిస్తుంది, నీర నీరగానే ఉంటుంది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది ఈ పులియని రసాన్ని అమ్మడానికే.

అంటే ఏడింటికి తాగినవాడి "తియ్యగా ఉంది", పదకొండింటికి తాగినవాడి "పుల్లగా ఉంది" రెండూ సరైన రిపోర్టులే. మా ఆఫీసులో వెర్షన్ నంబర్ లేకుండా బగ్ రాస్తే ఎవరూ ముట్టుకోరు. కల్లు రివ్యూల్లో టైము రాసేవాళ్లు ఎంతమంది? ఈతదా, తాటిదా? తాటిదైతే పోత్తాడా, పండుతాడా? పొద్దటిదా, మాపటిదా? ఒకసారి మా ఊరి గౌడన్నను "నీ కల్లుకు నువ్వు పదికి ఎన్నిస్తవ్?" అని అడిగితే "ఏ చెట్టుది?" అని ఎదురడిగాడు. ఆయన చెట్లన్నిటికీ ఆయన దగ్గర వేర్వేరు మార్కులున్నాయి.

ఇక నాలుకల సంగతి. 1931లో అమెరికాలోని డ్యూపాంట్ ల్యాబ్‌లో ఆర్థర్ ఫాక్స్ అనే కెమిస్టు ఒక పొడిని సీసాలో పోస్తుంటే కొంత గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి "నోరంతా చేదు" అన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తగల్లేదు. ఆ పొడి పేరు పీటీసీ. దాని చేదు కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు, ఆ తేడా పుట్టుకతోనే వస్తుందని తర్వాత తేలింది. కాకరకాయ మీద ఇంట్లో జరిగే గొడవల్లో కొన్నింటికి కారణం మొండితనం కాకపోవచ్చు.

కళ్లు తాగే కల్లు

అసలు చిక్కు నాలుకతో కాదు, నాలుకకన్నా ముందు తాగేసే కళ్లతో. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువుకునే 54 మంది విద్యార్థులకు వైట్ వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వాళ్లు దాన్ని వర్ణించారు. 2001లో అచ్చయిన పరిశోధన ఇది. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో వైన్ పోటీలు జరుగుతాయి. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే మాజీ ప్రొఫెసర్, తనూ వైన్ చేసేవాడే, అక్కడి జడ్జీలకు ఒకే సీసాలోని వైన్‌ను చెప్పకుండా మూడుసార్లు ఇప్పించాడు. మూడుసార్లూ దాదాపు ఒకే స్థాయి మార్కులు వేయగలిగింది పదిమందిలో ఒక్కరే. వీళ్లు రీల్స్ చేసే పిల్లలు కారు, పేరున్న జడ్జీలు.

1976 మే 24న పారిస్‌లో జరిగిందైతే సినిమా కథే. తొమ్మిది మంది ఫ్రెంచ్ నిపుణులకు సీసాలు కనబడకుండా ఫ్రెంచ్, కాలిఫోర్నియా వైన్లు పోశారు. తెల్లదాంట్లో, ఎర్రదాంట్లో రెండింట్లోనూ కాలిఫోర్నియావే మొదటి స్థానంలో నిలిచాయి. ఫలితం చూసి ఒడెట్ కాన్ అనే జడ్జి తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చేయమని అడిగారు. లేబుల్ దాచేస్తే ఇంత గోల!

పోయిన సంక్రాంతికి మేం నలుగురం ఫ్రెండ్స్ ఇదే ఆట కల్లుతో ఆడాం. ఐదు స్టీల్ గ్లాసులు, అడుగున నంబర్లు. వాటిలో రెండు గ్లాసుల్లో ఒకే లొట్టిది. మాలో బాగా తాగడం తెలిసినవాడని పేరున్నవాడు ఒకటో నంబరుకు "సూపర్" అని, నాలుగో నంబరుకు "మురిగిపోయింది, తియ్యిరా పక్కకు" అని తీర్పిచ్చాడు. ఆ రెండే ఒకే లొట్టివి. వాడు ఇప్పటికీ ఒప్పుకోడు, గ్లాసు కడగలేదంటాడు. నలుగురితో చేసింది పరిశోధన కాదు, నవ్వుకోవడానికి పనికొచ్చింది.

కానీ రీల్ చూస్తూ ఒకటి గుర్తు పెట్టుకోవచ్చు. చెట్టు కింద, తాటాకు రేకలో, పొద్దటి ఎండలో తాగిన కల్లుకు పడే మార్కుల్లో కొన్ని చెట్టుకు, కొన్ని ఎండకు పడతాయి. అదే కల్లు ప్లాస్టిక్ సీసాలో పోసి బస్టాండ్ పక్కన ఇస్తే తగ్గుతాయి. మా బావ గీసిన చెట్టు అంటే ఇంకో మార్కు. ఫ్రీగా పోసిన లొట్టికి ఎన్ని మార్కులు పడతాయో చెప్పక్కర్లేదు.

ఏది లోపం?

వైన్ వాళ్లకు ఇంకో కొట్లాట ఉంది. బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు చేరితే వైన్‌కు గుర్రపుశాల వాసన వస్తుంది. కొందరు సీసా వెనక్కి పంపేస్తారు. ఇంకొందరు "అదే కదా దీని అందం" అంటారు. కల్లులో పులుపు కూడా అట్లాంటిదే. తియ్యకల్లు కావాలనేవాళ్లకు పులుపు లోపం. ఎండలో పనిచేసి వచ్చి మాపటికల్లు తాగే పెద్దాయనకు పులుపు లేకపోతే అది కల్లే కాదు. ఇక్కడ ఎవరూ ఓడిపోనక్కర్లేదు.

చీమలు, తేనెటీగలు కూడా లోపం కాదు. అట్లని "చూడండి ఫ్రెండ్స్, చీమలున్నాయి, ప్యూర్" అనే రీల్‌ను నమ్మనూ వద్దు. చీమ తీపి కోసం వస్తుంది, ల్యాబ్ రిపోర్టు ఇవ్వడానికి కాదు.

ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, కల్లులో ఇంకోరకం లోపం ఉంది. వైన్ వాళ్లకు ఆ భయం మనంత లేదు. చెట్లు ఇచ్చేదానికన్నా డిపోలో అమ్మేది ఎక్కువైనప్పుడు మిగతాది నీళ్లతో వస్తుంది. తీపికి శాకరిన్. మత్తుకు సీహెచ్ అని పిలిచే క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం. చివరి రెండూ డాక్టర్ చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందులు. కల్తీ కేసుల్లో ఏళ్లుగా ఇవే పేర్లు వినబడుతున్నాయి.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో డిపోల్లో కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది. నమూనాల్లో అల్ప్రాజోలం ఉన్నట్టు తేలింది. ఆ డిపోలకు రోజూ వెళ్లే కస్టమర్లున్నారు. ఏళ్ల తరబడి తాగిన నాలుకలవి. అవి కూడా పట్టుకోలేకపోయాయి.

2015లో జరిగింది దీనికి తలకిందులుగా ఉంటుంది. కల్తీ మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసింది. డిపోల్లో మందు కలిపిన కల్లు దొరకడం తగ్గింది. నిజామాబాద్, ఉమ్మడి మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో చాలామందికి చేతులు వణకడం, ఫిట్స్, నిద్ర లేకపోవడం, ఏదేదో మాట్లాడటం మొదలైంది. వనపర్తి అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. కల్తీ ఆగితే జనం బాగుపడాలి కదా, ఆస్పత్రులు నిండాయి. ఒంటికి అలవాటైంది కల్లు కాదు, అందులోని మందు.

ఇట్లా అలవాటైన మనిషికి చెట్టు కింది కల్లు ఇస్తే ఏమంటాడు? "ఇందులో ఏం లేదు, ఎక్కట్లే, కల్తీ చేసిండ్రు" అంటాడు. అసలైనదే ఆయనకు లోపంగా కనిపిస్తుంది. ఆయన అబద్ధం ఆడట్లేదు. రుచిచూసే కొలబద్దే మారిపోయింది. ఆయన "బాగా ఎక్కింది" అని మెచ్చుకున్న కల్లే ఎక్కువ అనుమానించాల్సిన కల్లు. ఫోన్లో "కిక్ సూపర్" అని ఐదు స్టార్లు పడ్డ చోటు గురించి నాకు భయమేసేది కూడా ఇందుకే. నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉన్న పానీయం ఒక్క సీసాతో మనిషిని సాయంత్రం దాకా పడుకోబెట్టదు.

కాబట్టి రివ్యూ చేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తీపి, పులుపు, వగరు మీద ఎంతైనా కొట్లాడండి. చెట్టు పేరు, టైము, ఎవరు డబ్బులిచ్చారో రాస్తే ఇంకా మంచిది. "ప్యూర్" అనే ముద్ర మాత్రం మీది కాదు. అది చెప్పాల్సింది నమూనా తీసుకెళ్లిన ఎక్సైజ్ వాళ్ల ల్యాబ్. అనుమానమొస్తే వాళ్లకే చెప్పాలి.

ఇంట్లో పెద్దవాళ్లెవరైనా రోజూ డిపో కల్లు తాగేవాళ్లైతే, "రేపట్నుంచి బంద్" అని వాళ్లను గదిలో పెట్టి తాళం వేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు. డాక్టర్ చూస్తూ మెల్లగా తగ్గించాలి. చేతులు వణుకుతూ, నిద్ర పట్టక, లేనివాళ్లతో మాట్లాడుతుంటే అదేదో గాలి సోకిందని తాయెత్తు కట్టకుండా వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఏం తాగుతారో, రోజుకు ఎన్ని సీసాలో దాచకుండా చెప్పండి. మొదట ఫోన్‌లో అడగాలంటే టెలి మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.