మూసీ, కాగ్నా పుట్టిన చోటికి పైసలు ఎవరు పెట్టాలె?

పై వీడియోలో అనంతగిరి గుట్టల కింది ఒర్రెలు చూశారు కదా. ఈ గుట్టల మీద పడ్డ వాన రెండు దారులు పడుతుంది. ఒక దిక్కు మూసీ అయ్యి గండిపేటకు, హైదరాబాద్‌కు పోతుంది. ఇంకో దిక్కు కాగ్నా అయ్యి తాండూరు మీదుగా కర్ణాటకలో భీమాలో కలుస్తుంది. రెండూ చివరికి కృష్ణకే.

1908 వరద తర్వాత కట్టిన గండిపేట చెరువు 1920లో పూర్తయింది. అంటే వందేళ్లుగా పట్నం మన ఎగువ నీళ్లు తాగుతోంది. మూసీ కోసం 2017లో ఒక కార్పొరేషనే పెట్టారు. కానీ దాని పని పట్నంలో నది ఒడ్డు గురించి. ఒర్రెల సంగతి ఎవరు చూడాలె?

పైసలు అసలే లేవని కాదు. పూడూరు మండలం దామగుండంలో నేవీ రాడార్ స్టేషన్‌కు 1,174 హెక్టార్ల అడవి ఇచ్చారు. దానికి బదులు నేవీ కంపా నిధికి సుమారు 133 కోట్లు, భూసంరక్షణ పనులకు 18 కోట్లు కడుతుందని 2024 జనవరిలో ప్రభుత్వం చెప్పింది. కంపా అంటే అడవి పోయినందుకు కట్టించుకునే పరిహారం. 2016లో దీనికి చట్టం వచ్చింది. చిక్కేందంటే, ఆ పైసలతో మొక్కలు వేరే జిల్లాలో కూడా నాటొచ్చు. చెట్టును ఇంకోచోట పెంచొచ్చు గానీ, నది పుట్టుకను ఇంకోచోట పెట్టలేం.

న్యూయార్క్ పట్నం ఏం చేసిందో చూడండి. వేల కోట్ల ఫిల్టర్ ప్లాంటు కట్టే బదులు 1997లో ఎగువ ఊర్లతో ఒప్పందం చేసుకుంది. అక్కడ వాగు పొంటి కంచె వేసి చెట్లు పెంచిన రైతుకు ఖర్చులు వస్తాయి, వదిలిన భూమికి ఏటా కౌలు కూడా వస్తుంది. మనం అడగాల్సింది దానం కాదు, ఇట్లాంటి కౌలే.

"వాగు పక్కన చెట్లు పెంచితే అడవి పందులు, నెమళ్లు కందిలో పడవా?" అని మీరు అడుగుతారు. పడతాయి, నష్టం నిజమే. అందుకే ఆ బరువు ఒక్క రైతు మీద వేయొద్దు అంటున్నా. లాభం కూడా ఉంది: కట్ట కోసుకుపోదు, బోరుకు ఊట దొరుకుతుంది, కంది పూతకు తేనెటీగలొస్తాయి.

ఈ ఎండాకాలంలోనే చేయగలిగినవి:

- వాగు అంచున నాలుగైదు గజాలు దున్నకుండా వదలండి. అక్కడ గడ్డి మందు కొట్టొద్దు.
- కట్ట మీద వట్టివేరు, దాని వెనక కానుగ, నేరేడు, తెల్లమద్ది. వాన పడంగనే నాటాలె.
- రాళ్ల కట్టలు పై నుంచి మొదలుపెట్టండి. కింద చెక్‌డ్యామ్ ముందు కడితే ఒండ్రుతో నిండిపోతుంది.
- ఒర్రె పేరు, పక్క సర్వే నంబర్లు, ఫొటోలు, కావాల్సిన పనులు రాసి గ్రామసభలో తీర్మానం చేయించండి. ఒక కాపీ అటవీ రేంజ్ ఆఫీసుకు, ఒకటి ఎంపీడీఓకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

కాగితం లేని ఒర్రెకు బడ్జెట్ రాదు. ముందు మన ఊరి ఒర్రెను కాగితం మీదికి ఎక్కిద్దాం.