పెరటి తోటలో తంగేడు: విత్తు నుంచి పువ్వు వరకు

(ప్రత్యేక వ్యాసం)

తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడును ఇంటి పెరటిలోను, పాఠశాల ఆవరణలోను, పంచాయతీ స్థలాలలోను పెంచడానికి పెద్దగా ఖర్చు గాని, నీరు గాని అవసరం లేదు. బీడు భూములలో, గుట్టల వాలులలో, చెరువు కట్టల మీద తనంతట తానుగా పెరిగే ఈ బహువార్షిక పొద, వానలు వెనుకబట్టే భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో నిండుగా పూస్తుంది. బతుకమ్మ పండుగ వచ్చేది సరిగ్గా ఆ రోజులలోనే. అయితే పండుగకు పువ్వు కావాలన్న కోరిక ఎంత బలమైనదో, మరుసటి తరం మొక్కకు విత్తనం కావాలన్న అవసరం కూడా అంత బలమైనదే. ఈ రెండింటికీ పొత్తు కుదర్చగలిగిన మార్గం తంగేడును ఇంటి మొక్కగా పెంచడమే.

రాష్ట్ర పుష్పం

తెలంగాణ ఏర్పడిన 2014వ సంవత్సరంలోనే పాలపిట్ట, జింక, జమ్మి చెట్టులతో పాటు తంగేడును రాష్ట్ర చిహ్నంగా ప్రకటించడం జరిగింది. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది రోజులపాటు గునుగు, తంగేడు, బంతి, చామంతి, గుమ్మడి పూలను వరుసలుగా పేర్చి బతుకమ్మను తీర్చిదిద్దుతారు. వీటిలో బంతి, చామంతి పొలాలలో సాగయ్యే పూలు. గునుగు ఏటేటా విత్తు నుంచి మొలిచే మొక్క. తంగేడు మాత్రం ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి పూసే పొద.

వృక్షశాస్త్రంలో దీని పేరు సెన్నా ఆరిక్యులేటా. 1753లో లిన్నేయస్ దీనిని కాసియా ప్రజాతిలో చేర్చగా, కోస్తాంధ్రలోని సామర్లకోటలో చాలాకాలం పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ తరువాత దీనిని సెన్నా ప్రజాతి కింద వర్ణించారు. ఆకు కాడ మొదట చెవి ఆకారంలో ఉండే పత్రపుచ్ఛాల వలన దీనికి ‘ఆరిక్యులేటా’ అనే పేరు వచ్చింది. తమిళంలో దీనిని ఆవారై అనీ, సంస్కృతంలో ఆవర్తకి అనీ వ్యవహరిస్తారు.

తరుగుదలకు కారణం

పూర్వం తంగేడు బెరడును తోళ్లు పదును చేయడానికి విస్తారంగా వాడేవారు. బెరడులో టానిన్ అధికంగా ఉండడమే ఇందుకు కారణం. తరువాతి కాలంలో దిగుమతి అయిన వాటిల్ బెరడు, క్రోమియం లవణాలు ఆ స్థానాన్ని చాలావరకు ఆక్రమించడంతో బెరడు ఒలుపు తగ్గింది. ప్రస్తుతం మొక్కకు ఎదురవుతున్న ఇబ్బంది వేరొకటి. తంగేడుకు ఆవాసమైన బీళ్లు, గుట్టలు, రహదారుల అంచులు నివేశన స్థలాలుగా, పంట భూములుగా, విస్తరించిన రోడ్లుగా మారుతున్నాయి. మిగిలిన చోట్ల పండుగ రోజులలో పువ్వుల కొరకు కొమ్మలను మొదలంటా విరిచివేయడం కనిపిస్తుంది.

నరికిన మోడు తిరిగి చిగురించగలదు. కాని ప్రకృతిలో కొత్త చోట కొత్త మొక్క మొలవడానికి విత్తనమే ఆధారం. కోసిన ప్రతి పువ్వు ఒక కాయకు అవకాశం లేకుండా చేస్తుంది. ఒక గుట్ట మీద పువ్వులన్నింటినీ ఏటా తుడిచిపెట్టినట్లు కోసుకుంటే, ముసలి పొదలు ఎండిపోయిన తరువాత వాటి స్థానంలో లేత మొక్కలు ఉండవు. పెరటిలో ఒకటి రెండు పొదలు గల కుటుంబం గుట్ట మీది పువ్వును గుట్టకే విడిచిపెట్టగలుగుతుంది.

విత్తన సేకరణలో జాగ్రత్త

పువ్వులు రాలిన తరువాత కాయలు ఏర్పడి, చలికాలం గడిచేసరికి ముదిరి గోధుమ రంగుకు వస్తాయి. ఎండిన కాయ చదునుగా, కాగితం వలె పలుచగా ఉండి, గింజలున్న చోట్ల ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఒక్కొక్క కాయలో సుమారు 12 నుంచి 20 వరకు గింజలు ఉంటాయి.

పసుపు పూలు పూసే దగ్గరి జాతులు కొన్ని ఉన్నందున గుర్తింపులో పొరపాటు పడరాదు. తంగేడు ఆకులో సాధారణంగా 8 నుంచి 12 జతల చిన్న ఆకులు ఉంటాయి. వాటి కొనలు గుండ్రంగా ఉంటాయి. కసివిందలో 3 నుంచి 5 జతల పెద్ద ఆకులు మాత్రమే ఉండి, కొనలు మొనదేలి ఉంటాయి. నలిపితే దుర్గంధం వస్తుంది. కసివింద గింజలు విషపూరితమైనవి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చిన్నపిల్లల ప్రాణాలు తీసిన ఒక వ్యాధికి ఈ గింజలు తినడమే కారణమని 2007లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కావున ఆకు, పువ్వు, కాయ మూడింటినీ చూసి నిర్ధారించుకున్న పొద నుంచే గింజలు సేకరించవలెను. పిల్లలకు ఈ పని అప్పగించరాదు.

విత్తే విధానం

తంగేడు విత్తు మొలవలేదన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. దోషం విత్తనానిది కాదు. గింజ పైపొర మిక్కిలి గట్టిగా ఉండి నీటిని లోనికి రానీయదు. ఒక వానకే అన్నీ మొలిచి, తరువాతి ఎండకు అన్నీ మాడిపోకుండా మెట్ట ప్రాంతపు మొక్కకు ఇది రక్షణ. ఇంటిలో విత్తేవారు ఈ పొరను ముందుగా మెత్తబరచాలి. ఇందుకు రెండు సులభమైన పద్ధతులు ఉన్నాయి.

మొదటి పద్ధతిలో నీటిని మరగించి, పొయ్యి మీద నుంచి దించి, కొద్దిగా చల్లారిన తరువాత గింజలను అందులో వేసి రాత్రంతా నాననివ్వాలి. గింజలను పొయ్యి మీద ఉడికించరాదు. రెండవ పద్ధతిలో గింజను ఒక పక్క గరుకు కాగితం మీద గాని, గరుకు బండ మీద గాని స్వల్పంగా రుద్ది, ఆపై నానబెట్టాలి. ఉబ్బిన గింజలనే విత్తాలి. ఉబ్బనివాటికి మరల అదే విధానం అనుసరించవచ్చును.

ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపిన పాలిథీన్ సంచులలో సంచికి రెండు గింజల చొప్పున ఒక సెంటీమీటరు లోతున వేయాలి. మొలకలు రావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. తంగేడు తల్లివేరు త్వరగా లోతుకు దిగుతుంది. సంచి అడుగు దాటి వేరు నేలలో నాటుకున్న తరువాత పెకలిస్తే మొక్క తేరుకోవడం కష్టం. అందువలన రెండు మూడు నెలల లేత దశలోనే, వానలు ఉండగానే నాటవలెను. వీలైతే నేరుగా నేలలో విత్తడం మరింత మంచిది.

స్థలం, నీరు, ఎరువు

రోజంతా ఎండ తగిలే చోటు తంగేడుకు అవసరం. నీడలో కొమ్మలు సాగుతాయే గాని పువ్వు తగ్గిపోతుంది. చల్క నేల, గరప నేల, రాళ్లు కలిసిన నేల అనువైనవి. నీరు నిలిచే చోట నాటరాదు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గల గుంతలో నాటి, పొదకు పొదకు మధ్య సుమారు ఐదు అడుగుల ఎడం ఉంచాలి. పొద కొమ్మలు చాచి పక్కలకు విస్తరిస్తుంది కనుక ప్రహరీకి మరీ ఆనించి నాటడం తగదు.

మొదటి సంవత్సరం వానలు లేని రోజులలో వారానికి ఒకసారి నీరు పెడితే చాలు. వేరూనిన తరువాత మండువేసవిలో తప్ప నీటి అవసరం అంతగా ఉండదు. నాటేటప్పుడు వేసిన పశువుల ఎరువే సరిపోతుంది. యూరియా వంటి నత్రజని ఎరువులు వేస్తే ఆకు పెరిగి పువ్వు వెనుకబడుతుంది.

కత్తిరింపు

తంగేడు పూగుత్తులు కొత్త కొమ్మల చివరలలో వస్తాయి. కొమ్మల సంఖ్య పెరిగితే గుత్తుల సంఖ్య పెరుగుతుంది. వేసవి చివర, తొలకరికి ముందు పొదను మూడవ వంతు మేరకు కత్తిరిస్తే వానలకు పక్క చిగుళ్లు అనేకం వస్తాయి. జూలై మధ్య తరువాత కత్తెర వేస్తే పండుగ నాటికి విచ్చవలసిన మొగ్గల చివురులే తెగిపోతాయి. విత్తు నుంచి పెంచిన మొక్క సాధారణంగా రెండవ సంవత్సరం నుంచి నిండుగా పూయడం ప్రారంభిస్తుంది.

తుమ్మెదలు, సీతాకోకచిలుకలు

తంగేడు పువ్వులో మకరందం ఉండదు. కీటకాలు పుప్పొడి కొరకే వస్తాయి. ఆ పుప్పొడి కూడా కేసరాల చివర గల సన్నని రంధ్రాల గుండా మాత్రమే రాలుతుంది. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను అదిరించినప్పుడు, ఉప్పు డబ్బాను కుదిపినట్లు పుప్పొడి వెలువడుతుంది. పొద వద్ద వినిపించే ఝంకారమే కాయకు, విత్తనానికి నాంది.

వలస సీతాకోకచిలుకలుగా పిలిచే లేత పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు తంగేడు ఆకుల మీద గుడ్లు పెడతాయి. ఆకుపచ్చని గొంగళిపురుగులు ఆకులను కొంత తినివేసినా ఎదిగిన పొద త్వరలోనే కోలుకుంటుంది. పురుగుమందు చల్లితే సీతాకోకచిలుకలతో పాటు తుమ్మెదలు కూడా దూరమై కాయలు తగ్గిపోతాయి.

పువ్వు కోసే తీరు

కొమ్మను విరవకుండా పూగుత్తిని మాత్రమే కత్తెరతో కోయాలి. ప్రతి పొద మీద కనీసం మూడవ వంతు గుత్తులను కాయలకు విడిచిపెట్టాలి. గుట్టల మీద, చెరువు కట్టల మీద పువ్వులు సేకరించేవారు కూడా ఇదే నియమం పాటించడం శ్రేయస్కరం.

తంగేడు పువ్వులను, ఆకులను ఆయుర్వేద, సిద్ధ వైద్యాలలో వాడుతున్నారు. మధుమేహానికి తంగేడు పూల కషాయం తాగే ఆచారం కూడా ఉంది. అయితే వైద్యుడు నిర్ణయించిన మందులను మానివేసి దీనిపై ఆధారపడడం ప్రమాదకరం.

నర్సరీలు చేయదగిన పని

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 దరిమిలా గ్రామ గ్రామాన నర్సరీలు ఏర్పడినాయి. ఫిబ్రవరిలోగా స్థానిక పొదల నుంచి గింజలు సేకరించి, వేసవిలో సంచులలో విత్తితే జూలై, ఆగస్టు నెలలలో ఇంటింటికీ పంపిణీ చేయదగిన మొక్కలు సిద్ధమవుతాయి. పాఠశాలల ఆవరణలు, చెరువు కట్టలు, బతుకమ్మ ఆడే మైదానాల అంచులు తంగేడుకు తగిన చోట్లు. ఈ సంవత్సరం నాటిన మొక్క నిండుగా పూయడానికి మరుసటి సంవత్సరపు పండుగ వరకు ఆగవలసి ఉంటుంది కనుక, గింజల సేకరణ ఈ చలికాలంలోనే మొదలు కావలసి ఉంది.